ఎస్‌క్యూఎల్ వెనకున్న మనిషి ఎడ్గర్ కాడ్.. యుద్ధ విమానం నడిపాడు, షాపులో బట్టలమ్మాడు, చివరికి కంప్యూటర్లకు లెక్క నేర్పాడు!

అఫ్జల్‌గంజ్‌లో ఆటో ఎక్కి భయ్యా, చార్మినార్ అంటాం. అంతే. నయాపూల్ దాటు, మదీనా దగ్గర నేరుగా పో, పత్తర్‌గట్టి మీదుగా వెళ్లు, గుల్జార్ హౌజ్ దాటాక ఆపు అని మలుపు మలుపుకీ చెప్పం. ఎక్కడికి పోవాలో చెప్పడం మన పని.. దారి చూసుకోవడం ఆటో ఆయన పని. పండగ రోజు పోలీసులు ట్రాఫిక్ మళ్లించినా మన మాట మారదు. ఆయన దారి మార్చుకుంటాడు, మనం చార్మినార్ చేరతాం.

1960ల్లో కంప్యూటర్లతో ఇలా మాట్లాడే వీల్లేదు. లోపల దాచిన సమాచారంలో ఒక్క చిన్న వివరం కావాలన్నా ప్రోగ్రామర్ ప్రతి మలుపూ చెప్పాల్సిందే. ఏ ఫైలు తెరవాలి, ఏ రికార్డు దగ్గర ఆగాలి, అక్కడి నుంచి ఏ గుర్తు పట్టుకుని తర్వాతి రికార్డుకు పోవాలి.. అన్నీ రాసివ్వాలి. మధ్యలో ఒక్క దారి మూసుకుపోయినా ప్రోగ్రామ్ ఆగిపోయేది. ఈ పద్ధతిని తలకిందులు చేసిన మనిషే ఎడ్గర్ ఫ్రాంక్ కాడ్. ఆత్మీయులు టెడ్ అని పిలిచేవారు.

ఈ పేరు సాఫ్ట్‌వేర్ కోర్సు చేసిన ప్రతి ఒక్కరూ ఒకసారైనా పరీక్షలో రాసే ఉంటారు. నార్మలైజేషన్ పాఠంలో బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్ అని వస్తుందిగా.. అందులో కాడ్ ఈయనే. బాయిస్ ఎవరన్నది ఇంకో విషాద కథ. అదీ చెప్పుకుందాం.

ఏడుగురిలో చిన్నవాడు

1923 ఆగస్టు 19న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌ల్యాండ్ దీవిలో కాడ్ పుట్టాడు. తండ్రిది తోలు వ్యాపారం, తల్లి స్కూల్ టీచర్. ఏడుగురు పిల్లల్లో ఈయనే ఆఖరు. ఆ దీవి రాయికి పెట్టింది పేరు. లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చి కట్టింది ఆ రాయితోనే. పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద తిరిగేవాళ్లకు ఆ ఊరి వాతావరణం ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

మరో చిన్న విషయం. తెలంగాణ మొత్తం ఒక్కరోజులో ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకున్న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది 2014లో, అదీ ఆగస్టు 19నే. యాదృచ్ఛికమే. కానీ లక్షల కుటుంబాల వివరాలను పట్టికల్లో పెట్టి, తర్వాత ఎటు నుంచి కావాలంటే అటు నుంచి ప్రశ్న అడగడం అనే పనికి పునాది వేసిన మనిషి పుట్టినరోజు కూడా అదే.

చదువులో కాడ్ గట్టివాడు. స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో చేరి గణితం, రసాయన శాస్త్రం తీసుకున్నాడు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరి కోస్టల్ కమాండ్ తరఫున సండర్‌ల్యాండ్ విమానాలు నడిపాడు. నీటి మీద దిగే భారీ విమానాలవి. విమానాల మీద మోజు ఆయనకు జీవితాంతం పోలేదు. యుద్ధం అయ్యాక మళ్లీ ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చి డిగ్రీ పూర్తి చేశాడు.

1948లో అమెరికా బాట పట్టాడు. న్యూయార్క్‌లో దిగగానే ఏ లేబొరేటరీలోనో కుర్చీ దొరకలేదు. మేసీస్ అనే పెద్ద షాపులో మగవాళ్ల బట్టలు అమ్మాడు. ఆ తర్వాత టెనెసీ యూనివర్సిటీలో కొన్ని నెలలు లెక్కలు చెప్పాడు. 1949లో ఐబీఎంలో ప్రోగ్రామర్‌గా చేరాడు. గదంతా నిండిపోయే యంత్రాల కాలం అది.

1953లో ఉన్నట్టుండి అమెరికా వదిలేశాడు. కారణం జీతం కాదు, రాజకీయం. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టులంటూ కనిపించిన వాళ్లందరి మీదా ముద్రలేసి వేటాడుతున్న రోజులవి. అది నచ్చక కెనడాలోని ఒటావాకు మారిపోయాడు. నాలుగేళ్ల తర్వాత పాత మేనేజర్ ఒకరు అనుకోకుండా కలవడంతో 1957లో మళ్లీ ఐబీఎం గూటికి చేరాడు. నచ్చకపోతే లేచి వెళ్లిపోయే ఈ అలవాటు ముందు ముందు కూడా కనిపిస్తుంది.

తిరిగొచ్చాక స్ట్రెచ్ అనే సూపర్ కంప్యూటర్ మీద పనిచేశాడు. ఒకే యంత్రం మీద ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడిపే పద్ధతి మీద ఆయన కృషి అప్పటిదే. నలభై దాటాక పీహెచ్‌డీ! 1965లో మిషిగన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నాడు. తనను తాను పునఃసృష్టించుకోగల యంత్రాల గణితం ఆయన అంశం. 1960ల చివర్లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిశోధనాశాలకు మారాడు. అసలు కథ అక్కడే మొదలైంది.

రికార్డు రూమ్ అటెండర్ లేకపోతే?

పాత ప్రభుత్వ ఆఫీసు రికార్డు రూమ్ ఒకటి గుర్తు తెచ్చుకోండి. బీరువా, బీరువాలో అరలు, అరలో కట్టలు, కట్టలో ఫైళ్లు. ఫలానా కాగితం ఎక్కడుందో ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న అటెండర్‌కు మాత్రమే తెలుసు. ఆయన సెలవు పెడితే పని ఆగిపోతుంది. రిటైరైతే ఇక చెప్పేదేముంది?

అప్పటి డేటాబేస్‌లు అచ్చం ఇలాగే ఉండేవి. ఐబీఎంకు ఐఎంఎస్ అనే సొంత ఉత్పత్తి ఉండేది. చంద్రుడి మీదకు మనిషిని పంపిన అపోలో ప్రాజెక్టు విడిభాగాల లెక్కల కోసం పుట్టిన వ్యవస్థ అది. చెట్టు కొమ్మల్లా పైన ఒకటి, దాని కింద కొన్ని, వాటి కింద ఇంకొన్ని. పై నుంచి కిందికి దిగడం తేలికే. కానీ ప్రశ్న వేరే వైపు నుంచి వస్తే కథ మారిపోయేది. శాఖ వారీగా ఉద్యోగుల్ని పేర్చి పెట్టారనుకోండి. ఫలానా శాఖలో ఎవరున్నారు అంటే వెంటనే జవాబు. అన్ని శాఖల్లో కలిపి చాంద్రాయణగుట్టలో ఉండేవాళ్లెవరు అంటే మాత్రం ప్రోగ్రామర్ కూర్చుని కొత్త ప్రోగ్రామ్ రాయాలి.

మరో రకం కూడా ఉండేది. చార్లెస్ బాక్‌మన్ అనే ఇంజినీర్ తెచ్చిన నెట్‌వర్క్ పద్ధతి. అందులో రికార్డుల మధ్య దారాలు కట్టినట్టు లింకులుంటాయి. ప్రోగ్రామర్ ఆ దారాలు పట్టుకుని నావికుడిలా ప్రయాణించాలి. బాక్‌మన్ కూడా సామాన్యుడు కాదు, 1973లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు.

కాడ్‌కు ఇదంతా నచ్చలేదు. లోపల కాగితం ఏ అరలో ఉందన్నది బయట ప్రశ్న అడిగేవాడికి ఎందుకు తెలియాలన్నది ఆయన వాదన. 1970 జూన్‌లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో ఒక వ్యాసం రాశాడు. కేవలం పదకొండు పేజీలు. సమాచారం అంతా పట్టికల్లో పెట్టండి. వరసలు ఏ క్రమంలో ఉన్నా ఫర్వాలేదు. నిలువు గడులకు పేర్లు పెట్టండి. ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ సంబంధం దారాలతో కాదు, లోపలున్న విలువలతోనే కలపండి. ఇక ప్రశ్నలంటారా.. సమితులు, తర్కం అనే పాత గణితమే చాలు. ఇదీ సారాంశం. రిలేషనల్ మోడల్ అని దానికి పేరు.

గణితం ఇంత సాదాగా కనిపిస్తే దాని లోతు వెంటనే కనిపించదు. తర్వాత రెండేళ్లలో ఆయన నార్మలైజేషన్ సూత్రాలు ఒక్కొక్కటిగా చెప్పాడు. దాని అవసరం అర్థం కావాలంటే ఇల్లు మారిన కుటుంబాన్ని చూస్తే చాలు. శాలిబండ నుంచి చాంద్రాయణగుట్టకు మారారు. ఒకే అడ్రస్ మూడు చోట్ల రాసి ఉంది. ఒక చోట మార్చారు, రెండు చోట్ల మర్చిపోయారు. ఇప్పుడు ఏది నిజం? ఒక విషయం ఒక్కచోటే రాసి, మిగతా చోట్ల దాని గుర్తు మాత్రమే పెట్టుకుంటే ఈ తిరకాసు రాదు. ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లకు ఈ పాఠం పుస్తకం లేకుండానే తెలుసు.

ఇంట్లోనే ఎదురుగాలి

ఐబీఎం ఎగిరి గంతేస్తుందనుకుంటే పొరపాటే. ఐఎంఎస్ బాగా డబ్బులు తెచ్చే సరుకు. సొంత ఉద్యోగి వచ్చి అది పాత పద్ధతి అంటే ఏ కంపెనీ మాత్రం చప్పట్లు కొడుతుంది? పైగా అనుమానాలు. దారి తెలిసిన ప్రోగ్రామర్ కంటే యంత్రం వేగంగా దారి వెతకగలదా? గణితం చదవని మామూలు ఉద్యోగి దీన్ని వాడగలడా? ఇవి తీసిపారేసే ప్రశ్నలు కావు. కాడ్ దగ్గర సిద్ధాంతం ఉంది కానీ నడిచే సాఫ్ట్‌వేర్ లేదు.

1974లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో రెండు వర్గాలూ ముఖాముఖి తలపడ్డాయి. ఒకవైపు బాక్‌మన్, ఇంకోవైపు కాడ్. డేటాబేస్ చరిత్రలో దీన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే సదస్సులో పెద్దగా హడావుడి లేకుండా ఇంకో పేపర్ బయటికొచ్చింది. రాసింది ఇద్దరు ఐబీఎం కుర్రాళ్లు.. డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్. పేపర్‌లో ఉన్నది సీక్వెల్ అనే కొత్త భాష.

ఇద్దరూ కాడ్ ఆలోచనకు అభిమానులు. కానీ ఆయన గణిత చిహ్నాలు కీబోర్డు మీద కొట్టడమే కష్టం. మొదట స్క్వేర్ అనే భాష చేశారు, అందులోనూ అదే చిక్కు. తర్వాత చిహ్నాలన్నీ తీసేసి ఇంగ్లిష్ మాటలు పెట్టారు. సెలెక్ట్ అంటే ఏం కావాలి, ఫ్రమ్ అంటే ఏ పట్టిక నుంచి, వేర్ అంటే ఏ షరతు మీద. సీక్వెల్ పేరు మీద ఒక బ్రిటిష్ విమాన కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉందని తేలడంతో తర్వాత దాన్ని ఎస్‌క్యూఎల్‌గా కుదించారు. ఇప్పటికీ కొందరు ఎస్‌క్యూఎల్ అంటే, ఇంకొందరు సీక్వెల్ అంటారు. రెండూ తప్పు కాదు.

సదస్సు ముగిసిన కొద్ది వారాలకే, 1974 జూన్‌లో బాయిస్ కన్నుమూశాడు. మెదడులో రక్తనాళం సమస్య. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఇంట్లో భార్య, పసిపాప. తాను పేరు పెట్టిన భాష ప్రపంచమంతా వ్యాపిస్తుందని ఆయనకు తెలియనే తెలియదు. పరీక్షలో బాయిస్-కాడ్ అని రాసేటప్పుడు ఆ మొదటి పేరు వెనక ఇంత ఉంది.

శాన్ హోసేలో సిస్టమ్ ఆర్ అనే ప్రాజెక్టు నడిచింది. కాడ్ సిద్ధాంతం నిజంగా పనిచేస్తుందని చూపించడమే లక్ష్యం. వేగం గురించిన అనుమానానికి జవాబు చెప్పింది ప్యాట్రీషియా సెలింజర్ బృందం. ప్రశ్న అందగానే ఎన్ని దారులున్నాయో లెక్కేసి, ఖర్చు తక్కువైన దారి ఎంచుకునే ఆప్టిమైజర్ పద్ధతిని 1979లో ప్రచురించారు. అంటే మన ఆటో డ్రైవర్ దొరికాడన్నమాట! అటు బర్కిలీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ ఇంగ్రెస్ అనే వ్యవస్థ కట్టారు.

ఐబీఎం ఇంకా ఆలోచిస్తూ ఉండగానే ల్యారీ ఎలిసన్ మిత్రులు ఆ పేపర్లు చదివి 1979లో ఒరాకిల్ మార్కెట్లోకి తెచ్చేశారు. ఐబీఎం సొంత ఎస్‌క్యూఎల్ ఉత్పత్తి 1981లో, డీబీ2 1983లో వచ్చాయి. పుట్టింట్లో ఆలస్యంగా అన్నప్రాసన జరిగినట్టైంది. 1981లోనే కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

లూప్ రాయాలా, క్వెరీ రాయాలా?

ఇక మన ఊరికి వద్దాం. సైబర్ టవర్స్ 1998లో మొదలయ్యాక హైదరాబాద్‌లో ఒరాకిల్ కోర్సు అంటే ఉద్యోగానికి టికెట్ అన్నంత మోజు. పాతబస్తీ గల్లీల నుంచి బస్సెక్కి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఎందరో. ఇంటర్వ్యూలో రెండో అత్యధిక జీతం ఎవరిది అన్న ప్రశ్న ఎదుర్కోనివాళ్లు తక్కువే.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది సరిగ్గా కాడ్ పట్టుబట్టిన చోటే. సీ, జావా నేర్చుకుని వచ్చిన బుర్ర లూప్‌లో ఆలోచిస్తుంది. మొదటి వరస తీసుకో, షరతు చూడు, మార్చు, తర్వాతి వరసకు పో.. ఇదీ దాని నడక. ఒరాకిల్ 1988లో తెచ్చిన పీఎల్/ఎస్‌క్యూఎల్ ఈ పనికి కర్సర్ అనే పరికరం కూడా ఇచ్చింది. దాంతో ఒక శాఖలో అందరి జీతం పది శాతం పెంచమంటే చాలామంది కర్సర్ తెరిచి, ఒక్కొక్క ఉద్యోగి దగ్గరికీ వెళ్లి పెంచుకుంటూ వస్తారు. నిజానికి ఒకే ఒక్క అప్‌డేట్ వాక్యం చాలు. ఫలానా శాఖ వాళ్లందరికీ ఇంత పెంచు అంటే అయిపోతుంది. పది వరసలుంటే తేడా తెలీదు. లక్షల వరసలున్నప్పుడు మాత్రం క్వెరీ భాషకూ ప్రొసీజర్ భాషకూ మధ్య లక్షల సార్లు అటూ ఇటూ తిరగాలి, రాత్రి మొదలుపెట్టిన పని తెల్లారినా అవదు.

అలాగని ప్రొసీజర్లు దండగ అనుకోవద్దు. డబ్బు ఒక ఖాతాలోంచి తీసి ఇంకో ఖాతాలో వేయాలి, మధ్యలో తప్పు దొర్లితే వెనక్కి తీసుకోవాలి, వివరం రాసి పెట్టుకోవాలి.. ఇలా వరస తప్పకూడని చోట అడుగులు మనమే చెప్పాలి. ఎక్కడ దారి చెప్పాలి, ఎక్కడ గమ్యం చెప్పి వదిలేయాలి అన్న తేడా తెలిసినవాడే సీనియర్ డెవలపర్. మిగతాదంతా మాన్యువల్‌లో దొరుకుతుంది.

గెలిచినా తృప్తి లేదు

విచిత్రం ఏంటంటే ఎస్‌క్యూఎల్ మీద కాడ్‌కే పూర్తి ఇష్టం లేదు. ఆయన మనసులోని భాష ఆల్ఫా, 1971లోనే ప్రతిపాదించాడు. ఎస్‌క్యూఎల్ పట్టికలో ఒకే వరస రెండుసార్లు రావడాన్ని అనుమతిస్తుంది. గణితంలో సమితికి అది కుదరదు. ఆయన దృష్టిలో అది చిన్న తప్పు కాదు. మామూలు ఇంగ్లిష్‌లో ప్రశ్న అడిగితే కంప్యూటరే అర్థం కాని చోట తిరిగి ప్రశ్నించి జవాబిచ్చే రాందెవూ అనే ప్రాజెక్టు మీద కూడా 1970ల్లోనే పనిచేశాడు. ఇవాళ ఏఐ చాట్‌బాట్‌ను అడిగి క్వెరీ రాయించుకునేవాళ్లు ఒక్కసారి ఆ సంవత్సరం చూసుకోవాలి.

1984లో ఐబీఎంకు గుడ్‌బై చెప్పి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెట్టాడు. అప్పటికి ప్రతి కంపెనీ తన పాత సరుకు మీదే రిలేషనల్ అని లేబుల్ అంటించేస్తోంది. కాడ్‌కు చిర్రెత్తుకొచ్చింది. 1985లో కంప్యూటర్‌వరల్డ్ పత్రికలో పన్నెండు రూల్స్ ప్రకటించాడు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి నిజానికి పదమూడు. అన్నిటికీ పూర్తిగా నిలబడ్డ సరుకు అప్పుడు మార్కెట్లో లేదు.

1990లో రాసిన పుస్తకంలో ఖాళీ గడి సంగతి తేల్చే ప్రయత్నం చేశాడు. సర్వే ఫారంలో ఫోన్ నంబర్ గడి ఖాళీగా ఉంది. ఆ ఇంట్లో ఫోన్ లేదా? ఉంది కానీ చెప్పలేదా? రెండూ ఒకటి కాదు. ఒకరిని మళ్లీ అడిగితే నంబర్ దొరుకుతుంది, ఇంకొకరికి అసలు నంబరే లేదు. అందుకే రెండు రకాల గుర్తులు కావాలన్నాడు. ప్రధాన కంపెనీలు వినలేదు. ఇప్పటికీ రెండిటికీ ఒకే నల్ వాడుతున్నారు.

చివరి రోజుల్లో ఒక మచ్చ కూడా ఉంది. 1993లో ఓలాప్ అనే కొత్త పద్ధతి గురించి ఒక పత్రం రాశాడు. దానికి ఆర్బర్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ డబ్బు ఇచ్చిందని బయటపడటంతో వివాదమైంది. కంపెనీల లేబుళ్లను కడిగేసిన మనిషి మీదే ఆ ప్రశ్న రావడం అభిమానులకు ఇబ్బందే. ఓలాప్ అన్న మాట మాత్రం నిలబడిపోయింది.

2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలోని విలియమ్స్ ఐలాండ్‌లో గుండె ఆగి కాడ్ చనిపోయాడు. వయసు 79. మరుసటి ఏడాది డేటాబేస్ పరిశోధకుల సంఘం సిగ్‌మాడ్ తన ప్రతిష్ఠాత్మక పురస్కారానికి ఆయన పేరు పెట్టింది.